జిగురుతో బిగిసి, తల అరిగిన స్క్రూను తీయడం

మరల మధ్య థ్రెడ్‌లాకర్ జిగురు గట్టిపడి, పైన తలలోని గాడి అరిగిపోయి, స్క్రూడ్రైవరు జారిపోతుండే స్క్రూను ఊడదీయడం యంత్రాల మరమ్మతులో తరచూ ఎదురయ్యే చిక్కు. మోటారు సైకిల్ బ్రేకు డిస్కును చక్రానికి బిగించే అలెన్ బోల్టుల దగ్గర, లాప్‌టాప్ మూత కీలు దగ్గరి చిన్న స్టార్ స్క్రూల దగ్గర, కెమెరాల్లో, కుట్టు మిషన్లలో ఇది కనిపిస్తుంది. మరలే చెడిపోయి స్క్రూ ఊరికే గిర్రున తిరగడం వేరే జబ్బు, దాని సంగతి ఇక్కడ లేదు. ఇక్కడి చిక్కులో రెండు లోపాలు కలిసి ఉన్నాయి: కింద వదలని పట్టు, పైన దొరకని పట్టు. పైది కంటికి కనిపిస్తుంది కాబట్టి దాదాపు అందరూ దాన్నే జబ్బనుకుని ఇంకా గట్టిగా పట్టుకునే పనిముట్టు కోసం వెతుకుతారు. నిజానికి గాడి అరగడం చాలాసార్లు ఫలితమే, కారణం కింద ఉంది. కాబట్టి ముందు జిగురును వేడితో లొంగదీసి, ఆ తర్వాతే తలకు పట్టు కల్పించుకోవాలన్నది ఈ వ్యాసం వాదన. వరస తారుమారైతే ఎంత మంచి పనిముట్టయినా స్క్రూను విరగ్గొట్టడానికే పనికొస్తుంది.

జిగురు ఎందుకంత మొండిదో తెలియాలంటే అది ఎలా గట్టిపడుతుందో చూడాలి. చాలా జిగుళ్లు గాలి తగిలితే ఆరతాయి, ఇది గాలి అందకపోతేనే గట్టిపడుతుంది. 1940ల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇలాంటి ద్రవం ఒకటి తయారైంది గానీ, దాన్ని ద్రవంగా నిలబెట్టాలంటే అందులోకి ఎప్పుడూ గాలి బుడగలు పంపుతూ ఉండాల్సి వచ్చేది. హార్ట్‌ఫర్డ్ నగరంలోని ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో ఆ ఇబ్బంది తొలగించాడు. 1956లో ఆ సరుకు లాక్‌టైట్ పేరుతో బజారుకొచ్చింది. 1997లో లాక్‌టైట్ సంస్థ జర్మనీకి చెందిన హెంకెల్ చేతికి వెళ్లింది. కొత్త సీసా సగమే నిండి ఉండటం చూసి తూకంలో మోసమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఖాళీలోని గాలే లోపలి ద్రవాన్ని గడ్డకట్టకుండా కాపాడుతుంది. సీసా గోడకు వాడే ప్లాస్టిక్ కూడా ఆక్సిజన్ మెల్లగా చొరబడే రకమే.

ద్రవంలో ప్రధానంగా ఉండేవి డైమెథాక్రిలేట్ ఎస్టర్లు. క్యూమీన్ హైడ్రోపెరాక్సైడ్ లాంటి పదార్థం గొలుసు చర్యను మొదలుపెడుతుంది, ఇనుము, రాగి అయాన్లు దాన్ని తరుముతాయి, ఆక్సిజన్ అడ్డుకుంటుంది. స్క్రూ బిగించగానే మరల సందులో గాలి కరువవుతుంది, చుట్టూ లోహమే ఉంటుంది. ద్రవం అడ్డంగా నిలువుగా అల్లుకుపోయిన ప్లాస్టిక్‌గా మారుతుంది. మామూలు ఉక్కు మీద పది ఇరవై నిమిషాల్లో పట్టు వస్తుంది, పూర్తి బలానికి 24 గంటలు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద, జింకు పూత మీద ఇంకా ఆలస్యం. ఇందులోంచి మన పనికి రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, జిగురు సందును నిండా పూడ్చేస్తుంది, అంటే బయటినుంచి మరో ద్రవం దూరడానికి దారి మిగలదు. రెండోది, ఇలా అల్లుకున్న ప్లాస్టిక్ మైనంలా కరగదు గానీ వేడికి మెత్తబడుతుంది, మరీ వేడెక్కితే విచ్ఛిన్నమవుతుంది. మొదటిది తలుపు మూస్తే, రెండోది తలుపు ఎక్కడుందో చూపిస్తుంది.

అన్ని జిగుళ్లదీ ఒకే బలం కాదు. లాక్‌టైట్ వాడే రంగులను తక్కిన తయారీదారులు కూడా చాలావరకు పాటిస్తారు. ఊదా రంగు 222 తక్కువ బలానిది, నీలం 242, 243 మధ్యరకం, ఎరుపు 262, 271, 272 ఎక్కువ బలానివి, ఆకుపచ్చ 290 ముందే బిగించిన మరల్లోకి పాకేది. చెన్నైకి చెందిన అనాబాండ్ లాంటి భారతీయ సంస్థలూ ఈ కోవ జిగుళ్లు తయారుచేస్తున్నాయి. 10 మి.మీ. ఉక్కు బోల్టు మీద ఊదా జిగురు తొలి పట్టు వదలడానికి సుమారు 6 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, నీలం 243కు సుమారు 26 కావాలి. పెద్ద బోల్టుకు ఇవి లెక్కలోకి రావు. చిన్న స్క్రూ దగ్గరే కథ మారుతుంది. జిగురు అంటుకునే వైశాల్యం స్క్రూ చుట్టుకొలత మీద, మర లోతు మీద ఆధారపడుతుంది, అది స్క్రూ నడిమి నుంచి వ్యాసార్థమంత దూరంలో పనిచేస్తుంది. కాబట్టి లోతు మారకపోతే, జిగురు అడ్డుకునే టార్క్ వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. స్క్రూ కాడ తట్టుకోగల మెలి మాత్రం వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. వ్యాసం సగమైతే జిగురు బలం నాలుగో వంతుకు దిగుతుంది, కాడ బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. స్క్రూ చిన్నదయ్యే కొద్దీ జిగురుదే పైచేయి. చిన్న స్క్రూలో మర లోతు కూడా తగ్గుతుంది కదా, అప్పుడు లెక్క సరిపోతుంది కదా అని అడగవచ్చు. లోతు అదే నిష్పత్తిలో తగ్గితే సరిపోతుంది. కానీ చేతిలోని సీసా పెద్ద బోల్టుదీ చిన్న స్క్రూదీ ఒకటే అయినప్పుడు, ఎరుపు చుక్క పడ్డ చిన్న స్క్రూలో జిగురు వదలకముందే కాడ తెగే ప్రమాదం మిగిలే ఉంటుంది. తయారీదారులు సుమారు 6 మి.మీ. లోపు స్క్రూలకు ఊదా రంగునే సిఫారసు చేయడం ఊరికే కాదు.

ఇక తల సంగతి. మనం స్టార్ అని పిలిచే క్రాస్ గాడిని అమెరికాలోని పోర్ట్‌లండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లతో వ్యాప్తిలోకి తెచ్చాడు. గాడి గోడలు నిటారుగా కాక వాలుగా ఉంటాయి. తిప్పే బలంలో కొంత ఆ వాలు మీదుగా స్క్రూడ్రైవరును పైకి నెడుతుంది. చేత్తో కిందికి అదిమే బలం దాన్ని మించకపోతే బిట్టు ఎగిరి గాడి అంచును గీరేస్తుంది. మితిమీరి బిగించకుండా కావాలనే ఇలా చేశారని ఒక మాట ప్రచారంలో ఉంది. తొలి పేటెంట్లలో మాత్రం ఆ ఉద్దేశం కనిపించదు. జపాన్ ప్రమాణం క్రాస్ గాడి చూడటానికి ఇలాగే ఉన్నా అడుగు ఆకారం, మూలల వంపు వేరు. మొన తేలిన ఫిలిప్స్ బిట్టు అందులో పూర్తిగా కూర్చోదు. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి జపాన్ డిజైన్ బళ్ల ఇంజిన్ కవర్ల మీద స్టార్ స్క్రూల తలలు అరిగిపోవడం మెకానిక్కులందరికీ తెలిసిందే. అక్కడ తప్పు స్క్రూది ఎంతో, తప్పు బిట్టుదీ అంతే. అలెన్ తలలకు వాలు సమస్య లేదు, లోతు సమస్య ఉంది. 8 మి.మీ. బోల్టుకు మామూలు స్తూపాకారపు తల అయితే 6 మి.మీ. అలెన్ కీ పడుతుంది. అదే మర ఉన్న గుండ్రటి బటన్ తలకు 5 మి.మీ. కీ పడుతుంది, గుంట లోతు కూడా తక్కువ. అందానికీ జాగాకూ డిస్కుల మీద వాడేది తరచూ ఈ రెండో రకమే. కింద మరకు జిగురు వేసి బలం పెంచారు, పైన తలకు గుంట తగ్గించి బలం తీశారు. ఇలాంటి చోట మెలి పెంచుతూ పోతే ముందు లొంగేది తలే.

వేడి ఈ తూకాన్ని తిరగేస్తుంది. ఎర్ర జిగురు ఊడదీయడానికి హెంకెల్ తన సాంకేతిక పత్రాల్లో చెప్పేది సూటిగా ఉంటుంది: నట్టునో బోల్టునో అక్కడికక్కడ సుమారు 250 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, వేడిగా ఉండగానే విప్పాలి. నీలం రకానికి అంత అక్కర్లేదు, అది మామూలు పనిముట్లకే లొంగేలా తయారైంది. కానీ తల అరిగాక మామూలు పనిముట్టు ఆడదు కాబట్టి దానికీ వేడి మేలు చేస్తుంది. లాప్‌టాప్ స్క్రూకయితే 350 నుంచి 400 డిగ్రీలకు పెట్టిన సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద అరనిమిషం నుంచి నిమిషం దాకా అదిమి ఉంచాలి. మొన మీద కాస్త సోల్డరు కరిగించి పెడితే వేడి బాగా దిగుతుంది. 8 మి.మీ. బోల్టుకు హీట్ గన్, అంతకు పెద్దదానికి సన్న మంట టార్చ్. వేడి చాలిందో లేదో తెలుసుకోవడానికి వర్క్‌షాపులో దొరికే వస్తువే చాలు. సీసం తగరం కలిసిన 60-40 సోల్డరు తీగ 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది. మంట పక్కకు తీసి, తీగ మొనను తల మీద ఆనిస్తే అది వెండి చుక్కలా పాకితే అక్కడికి చేరామన్నమాట. ఎరుపు రకానికి ఇంకొంచెం పోవాలి. గీసి మెరిపించిన మామూలు ఉక్కు తల 225 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగుకు తిరిగి, 250 దాటేసరికి గోధుమ వన్నెకు మారుతుంది. నీలం తేలిందంటే 300 దగ్గరికి వచ్చేశాం, అంత అవసరం లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు రంగులు ఈ లెక్కకు రావు.

తుప్పు పట్టిన నట్టుతో అలవాటు పడిన చెయ్యి ఇక్కడ తడబడుతుంది. తుప్పుకు వేడిచేసి చల్లార్చి, ఆ సాగడం ముడుచుకోవడంతో తుప్పు పొర పగిలాక తిప్పుతారు. జిగురుకు ఆ పద్ధతి పనికిరాదు. చల్లారితే మెత్తబడిన జిగురు మళ్లీ బిగుస్తుంది. వేడిమీదే తిప్పాలి, మంట తీసిన కొద్ది సెకన్లలోనే పనిముట్టు గాడిలో ఉండాలి. అందుకే బిట్టు, రెంచి, పట్టకారు ముందే చేతికి అందేలా పెట్టుకుని మంట వెలిగించడం మంచి పనివాడి లక్షణం. లోహాల సాగుడులో తేడా కూడా కొంత సాయపడుతుంది. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. అల్యూమినియం హబ్బూ ఉక్కు బోల్టూ కలిసి 200 డిగ్రీలు పెరిగితే, 8 మి.మీ. రంధ్రం బోల్టుకన్నా సుమారు 0.018 మి.మీ. ఎక్కువ విప్పారుతుంది. కొలతకు చిన్నదే అయినా, జిగురు పొర మందం కూడా ఆ స్థాయిదే.

వేడి ఎందుకు, రాత్రంతా తుప్పు నూనెలో నాననిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. తుప్పు పొరల్లో సన్నటి రంధ్రాలుంటాయి, నూనె వాటిలోకి పాకుతుంది. గట్టిపడ్డ జిగురు ఆ సందును పూడ్చేసింది, నూనెకు దారే లేదు. పైగా గాడిలో చేరిన నూనె బిట్టును మరింత జారుస్తుంది, మంట పెట్టే చోట అది ప్రమాదం కూడా. అసిటోన్ ఈ జిగురును కరిగించదు. డైక్లోరోమీథేన్ కొంత మెత్తబరుస్తుంది గానీ, దాని ఆవిరి మనుషులకు హానికరం. అమెరికా పర్యావరణ సంస్థ 2019లోనే ఇళ్లలో వాడే పెయింటు తొలగింపు ద్రావణాల్లో దాన్ని నిషేధించింది. మరల లోతుకు అది చేరడమూ కష్టమే. అయితే ఈ వాదనలో ఒక నిజముంది: బిగిసిన ప్రతి స్క్రూ థ్రెడ్‌లాకర్‌తో బిగిసింది కాదు. లాప్‌టాప్ స్క్రూ మర మీద కనిపించే నీలి మచ్చ చాలాసార్లు జిగురు కానే కాదు, రాపిడితో పట్టే నైలాన్ పూత. జర్మన్ ప్రమాణాలు ఈ రెంటినీ వేరుగానే చూస్తాయి: నైలాన్ లాంటి పూతలకు డీఐఎన్ 267-28, బిగించేటప్పుడు పగిలి గట్టిపడే జిగురు పూతలకు 267-27. తల పక్కన రంగు చుక్క మాత్రమే ఉంటే అది ఎవరో విప్పారేమో తెలియడానికి పెట్టిన లక్క కావచ్చు, గీరితే పోతుంది. ఇంట్లో ఎవరో ఫెవిక్విక్ వేసి ఉంటే అది ఇంతకన్నా తక్కువ వేడికే లొంగుతుంది, అసిటోన్‌కు మెల్లగా కరుగుతుంది. ముందు ఏ పట్టో తేల్చుకోవాలన్న మాట సబబే. దాన్నుంచి అన్నిటికీ నూనె అన్న మందు మాత్రం రాదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం, వేడి చుట్టుపక్కల వాటిని పాడుచేస్తుందన్నది. నిజమే. లాప్‌టాప్‌లో ప్లాస్టిక్ దిమ్మె కరిగి, అందులో పొదిగిన ఇత్తడి మర గుళ్ల ఊడిపోగలదు. లిథియం బ్యాటరీ పక్కన వేడి పెట్టడం ఒప్పుకోలేని పని, దాన్ని తీసి పక్కన పెట్టాకే మొదలుపెట్టాలి. చక్రం హబ్బులో బేరింగ్ సీళ్లు, గ్రీజు ఉంటాయి. వేడితో బలపరచిన అల్యూమినియం ఎక్కువసేపు 200 డిగ్రీల మీద ఉంటే ఆ బలం తగ్గుతుంది, పైగా అల్యూమినియం కరిగేముందు ఎర్రబడి హెచ్చరించదు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరుతో తుడిచిన చోట మంట పెడితే ఫాస్‌జీన్ విషవాయువు పుట్టే ప్రమాదముంది. కానీ ఇవి వేడిని వదిలేయడానికి కారణాలు కావు, వేడిని ఎక్కడ ఆపాలో చెప్పే కారణాలు. తల మీద ఆనించిన సోల్డరింగ్ ఐరన్ మొన వేడిని స్క్రూలోకే పంపుతుంది, హీట్ గన్ ఊదినట్టు చుట్టూ చల్లదు. చుట్టూ తడిబట్ట కప్పితే సీళ్లు నిలుస్తాయి. అల్యూమినియం ఉక్కుకన్నా మూడు నాలుగు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, చిన్న మంటతో ఎక్కువసేపు కాచడం కన్నా పెద్ద మంటతో కొద్దిసేపు కాచడమే చుట్టుపక్కలకు మేలు. ఇది వినడానికి తలకిందులుగా ఉన్నా, భయపడి చిన్న మంటతో పావుగంట కాచినవాళ్లే హబ్బంతా వేడెక్కించి సీళ్లు పోగొడతారు.

వేడి లేకుండా హ్యాండ్ ఇంపాక్ట్ డ్రైవరుతోనే పని అయిపోతుందనే మెకానిక్కులున్నారు. వాళ్ల మాట సగం ఒప్పుకోవాలి. సుత్తి దెబ్బను ఆ పనిముట్టు మెలిగా మారుస్తుంది, అదే దెబ్బతో బిట్టును గాడిలోకి అదుముతుంది, అంటే స్టార్ గాడి వాలు చేసే అల్లరికి అదే విరుగుడు. చల్లగా ఉన్న జిగురు పెళుసు, మెల్లగా తిప్పే బలానికి లొంగనిది దెబ్బకు పగలగలదు. బ్రేకు డిస్కు బోల్టు మీద ఇది చాలాసార్లు గెలుస్తుంది. సన్నటి పోత ఇంజిన్ కవరు మీద అదే దెబ్బ కవరునే పగలగొట్టవచ్చు, లాప్‌టాప్ మీద ఆ ప్రసక్తే లేదు. అది గెలిచే చోట కూడా ముందు వేడి పెడితే తక్కువ దెబ్బలతో పోతుంది, తల ఆకారం మిగులుతుంది.

తలకు పట్టు కల్పించే ఉపాయాలను ఈ వెలుగులో చూస్తే ఏది ఎందుకు ఫలిస్తుందో తెలుస్తుంది. ముందుగా సూదితో గాడి అడుగు శుభ్రం చేయాలి. అరిగిన బిట్టు పారేసి సరైన కొలతది, జపాన్ స్క్రూకు జపాన్ ప్రమాణపు బిట్టు తీసుకోవాలి. వాల్వు గ్రైండింగ్ పేస్టు చిటికెడు గాడిలో వేస్తే దాని గరుకు పట్టు పెంచుతుంది. గుండ్రంగా అరిగిన అలెన్ గుంటలోకి కాస్త పెద్ద టోర్క్స్ బిట్టును సుత్తితో దిగ్గొట్టడం, తల మీద హాక్సా బ్లేడుతో అడ్డగాడి కోయడం, తల పైకి లేచి ఉంటే వైస్ గ్రిప్‌తో పట్టడం తర్వాతి మెట్లు. గాడికీ బిట్టుకూ మధ్య రబ్బరు బ్యాండు పెట్టమనే సలహా లూజు స్క్రూలకు పనికొస్తుంది. జిగురు మీద అది నిలవదు, వేడి పెట్టాక అసలే నిలవదు. బిట్టును తలకు ఫెవిక్విక్‌తో అంటించడమూ అంతే. ఇటు చూస్తే, విరిగిన తల మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయడం మొండి బోల్టులకు దాదాపు తిరుగులేని మందు. అది పట్టు ఇచ్చినందుకు గెలుస్తుందని అనుకుంటారు. ఆ వెల్డు కాడలోకి దింపిన వేడి అందులో సగం పైగా పని చేస్తుందని నా అంచనా. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టుదీ ఇదే సంగతి: కోస్తూ వేడి పుట్టిస్తుంది, ఊడే దిశలోనే తిప్పుతుంది. చాలాసార్లు రంధ్రం పూర్తికాకముందే స్క్రూ బయటికి నడిచొస్తుంది.

ఇవేవీ ఫలించనప్పుడు తలను డ్రిల్ చేసి తీసేయడం ఓటమి కాదు. బిగించేటప్పుడు మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం తల కింది రాపిడికి, 40 శాతం మరల రాపిడికి పోతుంది, అసలు బిగువుకు దక్కేది పదో వంతే. తల తెగిన మరుక్షణం ఆ కింది రాపిడీ, బోల్టును లాగిపట్టిన బిగువూ రెండూ పోతాయి. జిగురు లేని స్క్రూ అయితే మిగిలిన కాడ వేళ్లతోనే తిరుగుతుంది. జిగురున్నది తిరగదు. జిగురు పట్టు బిగువుతో సంబంధం లేకుండా నిలిచేదని చూపడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఇప్పుడు డిస్కు పైకి వచ్చేస్తుంది, కాడ బయటికి పొడుచుకుని ఉంటుంది, మంట ఇక దేనికీ తగలకుండా నేరుగా దాన్నే కాల్చవచ్చు. వైస్ గ్రిప్‌తో వేడిమీద తిప్పితే వస్తుంది. కాడ లోపలే విరిగితే మిగిలేది ఈజీ అవుట్, అంటే విరిగిన కాడలో రంధ్రం చేసి, అందులో దింపి వెనక్కి తిప్పే ఎడమ మర పనిముట్టు. దీన్ని మొదటి మందుగా వాడటమే వర్క్‌షాపుల్లో జరిగే పెద్ద పొరపాటు. మధ్యలో రంధ్రం చేశాక మిగిలే పలచని గోడను సన్నగా మొదలై లావయ్యే ఆ మర బయటికి ఉబ్బిస్తుంది, అంటే విప్పబోయి ఇంకా బిగిస్తుంది. చల్లటి జిగురు మీద బలం పెంచితే గట్టి పెళుసు ఉక్కుతో చేసిన ఈజీ అవుటే విరిగి లోపల కూర్చుంటుంది. దాన్ని మామూలు డ్రిల్ కొరకదు. అప్పుడు స్పార్క్ ఎరోజన్ మిషను ఉన్న వర్క్‌షాపు వెతుక్కోవాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దొరకవచ్చు, చిన్న ఊళ్లో కష్టం. రంధ్రం చేయాల్సే వస్తే 8 మి.మీ. సాధారణ మరకు 6.8 మి.మీ. వరకు నడిమధ్యగా చేసి, మిగిలిన మర చుట్టను సూదిమొనతో లాగేయాలి. నడిమి తప్పి మరలు పోతే హెలికాయిల్ (తీగతో చుట్టిన కొత్త మర) వేసుకుంటే పాత కొలత బోల్టే మళ్లీ పడుతుంది.

స్క్రూ వచ్చాక రంధ్రంలో తెల్లటి పొడిగా, పెంకులుగా జిగురు మిగులుతుంది. దాన్ని ట్యాప్ తిప్పి, వైరు బ్రష్షుతో గీరి తీయాలి. పాత పెంకుల మీద కొత్త చుక్క వేస్తే బిగించేటప్పుడు టార్క్ తప్పుగా చూపిస్తుంది. జిగురు ఎందుకు, గట్టిగా బిగిస్తే చాలదా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ చూపినట్టు, బోల్టును వదులు చేసేది ప్రధానంగా దాని పొడవుకు అడ్డంగా వచ్చే కదలిక. బిగించిన భాగాలు పక్కలకు జరిగేకొద్దీ మరల రాపిడి సడలి బోల్టు తనంతట తానే తిరుగుతుంది. బ్రేకు డిస్కు మీద పడేది సరిగ్గా ఆ బలమే, కాబట్టి అక్కడ జిగురు మానేయడం కుదరదు. పాత బోల్టు వాడకుండా కొత్తది తెచ్చి, నూనె లేకుండా తుడిచి, బండి పుస్తకం చెప్పిన రకాన్నే మర పట్టే భాగం మీద ఒక్క చుక్క వేసి, టార్క్ రెంచితో బిగించి, 24 గంటలు ఆగి బండి తీయాలి. లాప్‌టాప్ స్క్రూకు చాలాసార్లు నైలాన్ పూత ఉన్న కొత్త స్క్రూ చాలు. జిగురే వేయాలనుకుంటే ఊదా రంగు, అదీ సూది మొనతో అంటించినంత.